మండపేటలో నేను చేసిన ప్రసంగం

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. చిన్నప్పుడు నిడదవోలులో మా కిరాణా కొట్టు వెనక గోదాములో ఏదో తిరుగుతోందని గుమాస్తాలు చెప్పుకుంటుంటే, లాంతరు పట్టుకుని లోపలికి వెళ్ళి, బెల్లం బస్తాల మీద ఎలుకలున్నాయని తేల్చి వచ్చినదాన్ని. తరువాత రాజమండ్రిలో డిగ్రీ చదివిన కాలమంతా వక్తృత్వ పోటీలే నా లోకం. ఆధారం లేని మాటను ఎంత ఇష్టమైనా అంగీకరించకూడదనీ, ఆధారమున్న మాటను ఎంత అయిష్టమైనా అంగీకరించాలనీ అక్కడ నేర్చుకున్నాను. ఆ రెండో సగం నన్ను వదలకపోవడం వల్లనే ఇది రాస్తున్నాను.

ఇందులో దయ్యం లేదు. చీకటి లేదు. డెబ్బైల చివర్లో ఒక ఆదివారం పట్టపగలు, నిండు సభ ఎదుట జరిగిన విషయం ఇది. సాక్షులున్నారు. వారిలో చాలామంది ఇప్పటికీ మండపేటలోనే ఉన్నారు. చిక్కల్లా ఏమిటంటే, ఆ సాక్షులందరూ ఒకవైపు, నేను ఒకవైపు.

మా అక్క అన్నపూర్ణను మండపేటలో ఇనుప సామాను వ్యాపారం చేసే ఇంటికి ఇచ్చారు. చిన్నతనంలో ఆమెకు కీళ్ళ నొప్పులతో పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గాని, అది గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. పాతికేళ్ళు దాటేసరికి అక్క వాక్యం మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. తలగడలు ఎత్తుగా పేర్చుకుని, కూర్చునే నిద్రపోయేది. కాకినాడలో డాక్టరుగారు పరీక్షించి, కవాటం బాగా ఇరుకైపోయిందని, రాయవెల్లూరు తీసుకువెళ్ళి ఆపరేషన్ చేయిస్తే మామూలు మనిషి అవుతుందని చెప్పారు. ఆలస్యమైతే ఆపరేషన్‌కు తట్టుకునే శక్తి కూడా మిగలదన్నారు.

డబ్బుకు ఇబ్బంది లేదు. బావ సత్యనారాయణ ప్రయాణానికి సిద్ధంగా ఉన్నాడు. అక్క మాత్రం రానంది.

ఆమె రాననడానికి కారణం రామనాథం మాస్టారు.

ఆయన హైస్కూల్లో జీవశాస్త్రం బోధించి రిటైరైనవారు. కాషాయం కట్టేవారు కాదు. ఎవరైనా పాదాలకు నమస్కరించబోతే, "నా కాళ్ళకేం తెలుసనండీ, వాటిని అడుగుతారు?" అని వెనక్కి జరిగేవారు. కానుకలు ముట్టేవారు కాదు. శిష్యుల్లో ఒకరికి రైసుమిల్లు ఉంది. ఆదివారాలు మిల్లు ఆపేస్తారు కనుక, ఆ రోజు పొద్దుట అక్కడి రేకుల చావిడిలో గోనె సంచులు పరిచి సభ జరిపేవారు. ఉప్పుడు బియ్యం వాసన మధ్య, చైతన్యం గురించి మాట్లాడే సభ.

ఆయన చెప్పేదాన్ని ఉన్నదున్నట్టుగా ఇక్కడ పెడతాను. రాయి నుంచి చెట్టు దాకా, చెట్టు నుంచి పశువు దాకా, పశువు నుంచి మనిషి దాకా ప్రకృతి తనంతట తానే మనలను మోసుకొచ్చింది. ఇక్కడితో దాని పూచీ తీరిపోయింది. ఇక పైమెట్టు ఎక్కాలంటే మనిషి స్వయంగా ప్రయత్నించాలి; ఎక్కకపోయినా ప్రకృతికి నష్టం లేదు. అయితే ప్రయత్నించడానికి మనిషి అనేవాడు ఒకడుగా లేడు. పొద్దున ఉపవాసం ఉంటానని మొక్కుకున్నవాడు ఒకడు, మధ్యాహ్నం పెరుగన్నం అడిగేవాడు ఇంకొకడు. ఇద్దరూ ఒకే పేరుతో చలామణి అవుతారు. వీళ్ళందరినీ చూస్తూ ఉండగలిగేది ఒకటి లోపల ఉంది. దానిని ఆయన ఎరుక అనేవారు. అది మామూలుగా నిద్రలో ఉంటుంది. దానిని జోకొట్టేవాటిలో మొదటిది మాట. మనం మాట్లాడుతున్నంతసేపూ మనలో వినేవాడు నిద్రపోతాడని ఆయన సిద్ధాంతం.

ఆ చివరి మాట నాకు మొదటినుంచీ నచ్చలేదు. మాట్లాడడమే నా విద్య.

సెలవులకు మండపేట వెళ్ళినప్పుడు అక్కను సూటిగా అడిగాను.

"ఆపరేషన్ వద్దని మాస్టారు చెప్పారా?"

"ఆయనెందుకు చెప్తారే? అడిగితే, అది నువ్వు చూసుకోవలసిందమ్మా అన్నారు."

"మరింకేంటి?"

అక్క ఊపిరి తీసుకుని చెప్పింది. "ఊపిరి అందనప్పుడే నేను మెలకువగా ఉంటున్నానే వసూ. ప్రతి ఊపిరీ చూసుకుని పీలుస్తున్నాను. మీరంతా ఊరికే పీల్చేస్తున్నారు, పీలుస్తున్నట్టు కూడా మీకు తెలీదు. ఇది బాగుచేయించుకుని, మళ్ళీ మీలాగా నిద్రపొమ్మంటావా?"

"నన్ను కూడా నిద్రపోతున్నావనే అంటోంది," అన్నాడు బావ గుమ్మంలోంచి. "పొద్దస్తమానం ఇనుప చువ్వలు తూచి వచ్చినవాడు నిద్రపోక ఏం చేస్తాడు, నువ్వే చెప్పు."

"మీరు తూచేటప్పుడు కూడా నిద్రలోనే తూస్తారు," అంది అక్క.

ఆమె హాస్యమాడుతోంది గాని, నిర్ణయంలో హాస్యం లేదు. అజ్ఞానంతో కాదన్న మనిషిని ఒప్పించవచ్చు. ఆమె కారణానికి లోపల ఒక పొందిక ఉంది. నేను ఎటునుంచి వెళ్ళినా ఆ పొందిక నన్ను బయటికి నెట్టేస్తోంది. రెండు రోజులు వాదించాను. మూడో రోజు తనే విసిగిపోయింది.

"నాతో ఎందుకే గొడవ? నీకు కప్పులొచ్చాయిగా, వెళ్ళి మాస్టారితో వాదించు. నా దగ్గర జవాబు లేదని ఆయన చేత అనిపించు. అప్పుడు వస్తాను రాయవెల్లూరు."

ఈ షరతు అర్థం కావాలంటే ఆ సభలో ఉన్న ఒక ఆచారం చెప్పాలి. మాస్టారిని కాదనదలచినవారు ఎవరైనా లేచి నిలబడవచ్చు. నిలబడినవారు "ఇంతే నా మాట" అని ముగించేదాకా సభలో ఎవరూ నోరు మెదపకూడదు, మాస్టారుతో సహా. ఆ తరువాత ఆయన సమాధానం చెబుతారు. చెప్పలేకపోతే "నా దగ్గర జవాబు లేదు" అని అందరి ముందూ ఒప్పుకుంటారు. ఒప్పుకున్న సందర్భాలున్నాయనే అందరూ చెప్పారు. ఈ ఒక్క విషయంలో ఆయన మీద నాకు గౌరవం కలిగింది. మా కాలేజీ పోటీల్లో ఇంతటి నియమం లేదు.

రాజమండ్రి తిరిగి వెళ్ళి సిద్ధమయ్యాను. ఎదుటివారి వాదాన్ని వారికంటే బాగా చెప్పగలిగిన తరువాతే ఖండనకు దిగాలని మా లెక్చరరుగారు నేర్పిన పద్ధతి. హాస్టలు గదిలో ఒక సాయంత్రమంతా మాస్టారి పక్షాన నిలబడి నాతో నేనే మాట్లాడాను. తరువాత నా వాదం కట్టుకున్నాను. ఏదీ కాగితం మీద పెట్టలేదు. చూసి చదివే వక్తను మా కాలేజీలో తక్కువగా చూసేవారు.

ప్రసంగంలో ఒక్కచోట మాత్రం ఉపమానం కుదరలేదు. అది ఆదివారం పొద్దుట బస్సులో కుదిరింది. కడియం దగ్గర కాలువ లాకుల పక్కన బస్సు కాసేపు ఆగింది. ఇటుకల పడవ ఒకటి లాకులో ఉంది. వెనక తలుపులు మూశారు. ఎగువ నీళ్ళు వదిలారు. పడవ బరువు బరువుగా పైకి లేచింది. ఎగువ తలుపులు తెరవగానే పై కాలువలోకి సాగిపోయింది. కిటికీలోంచి చూస్తూ నాకు కావలసింది దొరికిందనుకున్నాను. మనిషి ఒక మట్టం నుంచి పై మట్టానికి లేవాలంటారు కదా మాస్టారు. లాకు ఎగువ తలుపు తుప్పుపట్టి సగమే తెరుచుకుంటే ఏ పడవ పైకి వెళుతుంది? మధ్యలో ఇరుక్కుంటుంది, వెనక నీళ్ళు గట్టు తెంచుతాయి. మా అక్క గుండెలో పాడైనది అటువంటి తలుపే. దానిని బాగుచేయించడం ప్రయాణానికి అడ్డు కాదు, ప్రయాణంలో భాగం.

ఈ ఉపమానం బస్సులో పుట్టింది. పక్కసీటులో ఎవరో అరటిపళ్ళ గెల పెట్టారు. దానితో నేనేమీ మాట్లాడలేదు. మండపేటలో దిగి నేరుగా మిల్లుకు వెళ్ళాను. అక్కా బావా అప్పటికే కూర్చుని ఉన్నారు. ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు, చెప్పే వ్యవధి కూడా లేదు. ఈ విషయం నాకు తరువాత చాలా ముఖ్యమైంది.

మాస్టారు తన మాట ముగించగానే లేచాను. ఆయన నన్ను చూసి, అన్నపూర్ణ చెల్లెలు కదూ అన్నట్టు తల ఊపి, కళ్ళు మూసుకున్నారు. ఎదిరించేవారి మాట ఆయన కళ్ళు మూసుకునే వింటారని తెలిసినా, నాకు కొంచెం కోపం వచ్చింది. సభకు నమస్కరించి ప్రారంభించాను.

ఆ ప్రసంగం నాకు ఇప్పటికీ మొదటినుంచి చివరిదాకా గుర్తుంది. ముందుగా ఆయన వాదాన్ని న్యాయంగా వివరించాను. తరువాత మూడు ప్రశ్నలు వేశాను. మాట నిద్ర అయితే, ఆ సంగతి మాటతో చెబుతున్న మీరు మేలుకుని చెబుతున్నారా? బాధ మెలకువ ఇస్తుందనేది నిజమైతే, లోకంలో ఆసుపత్రుల కన్నా గొప్ప ఆశ్రమాలున్నాయా? నువ్వే చూసుకో అన్న జవాబు, మీ మాటకోసం ప్రాణం పెట్టే మనిషి విషయంలో జవాబు అవుతుందా? ఆ తరువాత లాకుల మాట చెప్పాను. నా గొంతు రేకుల కప్పుకు తగిలి తిరిగి రావడం విన్నాను. అక్క పేరు పలికినప్పుడు కావాలనే స్థాయి తగ్గించడం కూడా గుర్తుంది. అది వక్తకు ఉండే స్పృహ. పొరబడేది కాదు.

మాస్టారి భార్య కామేశ్వరమ్మగారు ద్వారం దగ్గర స్తంభానికి ఆనుకుని దీపం ఒత్తులు చేసుకుంటున్నారు. ఆవిడకు బొత్తిగా చెవుడు. ఏళ్ళ క్రితం టైఫాయిడ్‌తో పోయిన వినికిడి తిరిగి రాలేదు. ప్రతి ఆదివారం వచ్చి, ఏమీ వినకుండా అలా కూర్చుంటారట. నేను లాకుల దగ్గరికి వచ్చినప్పుడు ఆవిడ చేతులాపి తలెత్తి చూశారు.

"ఇంతే నా మాట," అన్నాను.

మాస్టారు కళ్ళు తెరిచారు. నన్ను కాక అక్కను చూశారు. చాలాసేపు చూశారు. తరువాత స్పష్టంగా అన్నారు:

"నా దగ్గర జవాబు లేదు."

గెలిచాననుకున్నాను. గెలిచినవాళ్ళు ఎక్కువ గమనించరు. సభ లేచిపోతూ నాకు చేతులు జోడించడం చూసి, తర్కానికి ఇంత మర్యాద చేసే ఊరు ఉందని సంతోషించాను. ఒక పెద్దమనిషి దగ్గరికి వచ్చి, "ఇన్నేళ్ళుగా వస్తున్నానమ్మా, ఇటువంటిది చూళ్ళేదు," అన్నాడు. దానిని మెప్పుగా తీసుకున్నాను.

నా గొంతు బొంగురుపోయింది. కామేశ్వరమ్మగారు మజ్జిగ తెచ్చి ఇచ్చి, చెవిటివాళ్ళు మాట్లాడేటంత గట్టిగా అన్నారు: "ఆ లాకుల మాట చెప్పావు చూడు, అది బాగుందే అమ్మాయ్! పడవ మధ్యలో ఇరుక్కుంటే ఎవడెక్కుతాడు పైకి?" నేను నవ్వి నమస్కరించాను. బావ పక్కనే ఉన్నాడు.

ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ అక్క బావతో అంది: "టిక్కెట్లు తీయించండి."

బావ పెరట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా నాలుగు చేదలు నీళ్ళు తోడాడు.

భోజనాలయ్యాక అక్క నా పక్కన కూర్చుని, నా చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది.

"ఒక్క మాటడుగుతాను. ఎందుకే ఏమీ మాట్లాడలేదు?"

"ఏమీ మాట్లాడకపోవడమేంటి?"

"అదేనే, అంత ఇదిగా వచ్చి, నమస్కారం పెట్టి, నోరు కుట్టేసినట్టు నిలబడిపోయావు కదా."

హాస్యమనుకున్నాను. "నువ్వు నిద్రపోయుంటావు. మీ మాస్టారికి చెప్తాను," అన్నాను.

అక్క నవ్వలేదు. "ఏవండీ, మీరు చెప్పండి," అని బావను పిలిచింది.

బావ ఇబ్బందిగా చెప్పాడు. "అది నీ ఎత్తేమో అనుకున్నాను వసూ. మాటే నిద్రంటారు కదా ఆయన, అందుకని మాట్లాడకుండానే కొట్టావనుకున్నాను. అబ్బో, ఎంతసేపు నిలబడ్డావు! నాకు కాలు తిమ్మిరెక్కింది. ఒకాయన బయటికెళ్ళి కిళ్ళీ వేసుకుని మరీ వచ్చాడు. ఆఖర్న ఇంతే నా మాట అన్నావు, అది వినబడింది."

నేను ఆ ప్రసంగంలో మొదటి వాక్యం చెప్పాను. ఇద్దరూ నా మొహం చూశారు. ఇది విన్నారా అని అడిగాను. లేదన్నారు. రెండో వాక్యం చెప్పాను. లేదు.

ఆ సాయంత్రమే విచారణ మొదలుపెట్టాను. నా మీద నేను విచారణ జరుపుకుంటున్నానని నాకు తెలుసు. అందుకే కఠినంగా జరిపాను. సభకు వచ్చినవారిలో నాకు చిక్కినవారిని విడివిడిగా కలిశాను. ఏం విన్నారు అని కాకుండా, ఏం జరిగిందో చెప్పమని అడిగాను, జవాబు నేనే అందించినట్టు కాకూడదని. మిల్లు యజమాని, ఆయన గుమాస్తా, కొబ్బరి వ్యాపారి ఒకరు, ప్రాథమిక పాఠశాల టీచరమ్మ. అందరూ ఒకటే చెప్పారు. నేను నమస్కరించాను. మౌనంగా నిలబడ్డాను. చివర ముగింపు మాట పలికాను. మధ్యలో పెదవులు కదిలాయా అని చివరన అడిగితే, లేదన్నారు. టీచరమ్మ ఎదురుగా ముందు వరసలో కూర్చుంది. "మూసుకునే ఉన్నాయండి. కళ్ళు మాత్రం తెరిచున్నాయి. మీ అక్కగారినే చూస్తున్నారు," అంది. ఆచారం ప్రకారం ఎవరూ మధ్యలో పలకరించలేదు.

వీరంతా కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారని కొంతసేపు అనుమానించాను. వీరికి అందులో లాభం కనబడలేదు. పైగా మా బావ అబద్ధం చెప్పలేడు. చెబితే చెవులు ఎర్రబడతాయి, ఊరంతా ఎరుగుదురు.

సభ చూసి బెదిరి గొంతు పోయిందా? అంతకుముందు ఆ సభకు పదింతల జనం ముందు మాట్లాడాను. నిలబడే కల కన్నానా? అంత వరసగా, అంత తర్కంగా కల వస్తుందని నాకు తెలియదు, వస్తుందనే అనుకుందాం. కళ్ళు మూసుకుని కూర్చున్న మనిషి నన్ను వశం చేసుకున్నాడా? మాస్టారు అటువంటి విద్యలను ఎగతాళి చేసేవారు. అయినా అడగడానికి వెళ్ళాను.

ఆయన వరండాలో మామిడి టెంకలు ఎండబెడుతున్నారు. జరిగింది చెప్పాను. ఆయన దీనిని తన సిద్ధాంతానికి రుజువుగా వాడుకుంటారని, అప్పుడు గట్టిగా ఖండించాలని సిద్ధపడి వెళ్ళాను.

"నాకేమీ తెలియదమ్మా," అన్నారు. "నీ మాట నేను వినలేదు. నేనేమీ చేయలేదు. చేయడం వస్తే బాగుండేదేమో గాని, రాదు."

"మరి జవాబు లేదని దేనికన్నారండి?"

ఆయన టెంక ఒకటి తిప్పిపెట్టారు. "కళ్ళు తెరిచాక మీ అక్కను చూశాను. నిన్నే చూస్తూ ఏడుస్తోంది. ఊపిరి చూసుకోవడం మానేసి ఏడుస్తోంది. దానికి నా దగ్గర ఏం జవాబుంది?"

ఆయన నిజాయితీ నాకు సహాయపడలేదు. ఆయన మోసగాడైతే నా పని సులువయ్యేది.

లేచి వస్తూ ఉండగా కామేశ్వరమ్మగారు కనబడ్డారు. అప్పుడు తట్టింది, ఆలస్యంగా. ఎవరూ వినని ప్రసంగంలో లాకుల మాట ఉన్నట్టు ఈవిడకెలా తెలుసు?

ఇంట్లో ఆవిడతో పలక మీద రాసి మాట్లాడతారు. పలక తీసుకుని, ఆదివారం నేను ఏం చెప్పానో చెప్పమని రాశాను. ఆవిడ చదివి, నన్ను ఎగాదిగా చూశారు.

"నాకు చెవుడే గాని మతిమరుపు లేదమ్మాయ్. లాకు తలుపు తుప్పుపట్టిందన్నావు. వెనక నీళ్ళు గట్టు తెంచుతాయన్నావు. ఆసుపత్రులే ఆశ్రమాలా అని ఈయన్ని దులిపేశావు, అది కూడా బాగుంది. మీ మాస్టారికి అటువంటిది ఒకటి తగలవలసిందే."

మాస్టారి చేతిలో టెంక అలాగే ఉండిపోయింది.

మీకెలా తెలిసింది, పెదవులు చూశారా అని రాశాను.

"పెదవులేంటి? విన్నాను," అన్నారు ఆవిడ, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. "ఎన్నాళ్ళకో ఒక మనిషి గొంతు విన్నాను. గుర్తుండదా?"

మళ్ళీ ఏమైనా వినబడిందా అని రాశాను. ఆవిడ తల అడ్డంగా తిప్పి, పలక తుడిచేశారు.

ఆవిడకు నా ఉపమానం యాదృచ్ఛికంగా తట్టి ఉండవచ్చునని వాదించవచ్చు. కాలువల సీమలో లాకులు ఎవరికైనా తడతాయి. అయితే ఆశ్రమాల మాట? అదీ యాదృచ్ఛికమే అనుకుందాం. మజ్జిగ ఇస్తూ ఆవిడ లాకుల గురించి అన్నప్పుడు నేను ఇంకా ఎవరితోనూ ఆ ఊసు ఎత్తలేదు. బావ ఆ మాట విన్నాడు. పెద్దావిడ ఏదో తన ధోరణిలో అంటోందనుకున్నాడట. ఈ సాక్ష్యాన్ని నేను అన్ని వైపుల నుంచీ కదిపి చూశాను. అది కదలలేదు.

ఆ నెలలోనే ప్రయాణమయ్యాం. మెయిల్లో మద్రాసు దాకా, అక్కడి నుంచి కాట్పాడి. దారంతా అక్క కిటికీ పక్కన కూర్చుని, ఆగి ఆగి మాట్లాడుతూనే ఉంది. నేనే తక్కువ మాట్లాడాను. నోరు తెరిచిన ప్రతిసారీ, ఇది వీళ్ళకు వినబడుతోందా అని ముఖాలు చూసే అలవాటు అప్పుడు పట్టుకుంది. ఆ తరువాత పోటీలకు వెళ్ళాను, కప్పులు కూడా తెచ్చాను. ఆ అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు.

ఆపరేషన్ ముందురోజు మధ్యాహ్నం వార్డులో బావ నిద్రపోతున్నాడు. అక్క నన్ను మంచం మీదికి జరగమంది.

"ఇప్పుడు చెప్పవే ఆ ప్రసంగం. రేపు ఏమవుతుందో. వినకుండా పోతే బాకీ ఉండిపోతుంది."

"ఏమీ అవదు," అన్నాను.

"అవదులే. చెప్పు."

పక్క మంచాలవాళ్ళకు వినబడకుండా, మెల్లగా, అంతా చెప్పాను. ఒక్క మాట వదలలేదు. అక్క కళ్ళు మూసుకుని వింది, మాస్టారిలాగానే. లాకుల దగ్గరికి వచ్చేసరికి ఆమె పెదవుల మీదికి నవ్వొచ్చింది. ముగించాక అంది:

"పిచ్చిదానా. ఇది విని ఉంటే నేను వచ్చేదాన్ని కాదు."

"ఎందుకని?"

"లాకులో పడవ పైకి లేచేది తలుపు మూసుకున్నప్పుడే కదే. తెరిచిపెడితే నీళ్ళు నిలుస్తాయా? నాది మూసుకుంటోంది కాబట్టే నేను లేస్తున్నానని చెప్పి, హాయిగా ఇంటికి పోయేదాన్ని. మాస్టారి దగ్గర లేకపోయినా నా దగ్గరుంది జవాబు. నువ్వు వేసినవాటికన్నిటికీ ఉంది."

నేను ఖండన వెతికాను. ఆ క్షణంలో దొరకలేదు. నిజం చెప్పాలంటే ఇప్పటికీ సంతృప్తికరమైనది దొరకలేదు.

"మరెందుకొచ్చావు?"

అక్క ఊపిరి కూడదీసుకుని చెప్పింది.

"నువ్వు మాట్లాడితే ఎదురు చెప్పేదాన్ని. నువ్వు నిలబడ్డావు. అట్లా నన్నే చూస్తూ నిలబడిపోయావు. నేను లేకపోతే నువ్వు ఎలా ఉంటావో అప్పుడు కనబడింది నాకు. నిలబడ్డదానికి ఏం జవాబు చెప్తాను?"

ఆపరేషన్ బాగా జరిగింది. ఇది జరిగి కొన్నేళ్ళయింది. అక్క ఇప్పుడు తలగడ లేకుండా పడుకుంటుంది. ఆదివారం సభకు వెళ్ళడం మానలేదు. నిద్రపోతున్నానేమోనని అప్పుడప్పుడు దిగులు పడుతుంది గాని, ఆ దిగులుతో బతుకుతోంది. మాస్టారు అప్పటికంటే తక్కువ మాట్లాడుతున్నారని చెబుతుంది. కామేశ్వరమ్మగారు మొన్నటి వర్షాకాలంలో పోయారు. ఆవిడను మరొక్కసారి ప్రశ్నించే అవకాశం నాకు లేదు.

తేలినది ఇంతవరకే. నేను మాట్లాడాను. నేను మాట్లాడలేదు. ఈ రెండింటికీ సాక్ష్యం ఉంది, రెండూ కలిసి నిజం కావడానికి వీలులేదు. నా మాట వినబడి ఉంటే అక్క వచ్చేది కాదని అక్కే చెప్పింది. ఆ మాటను ఆపినదేదో నాకు తెలియదు. తెలియనిదానికి కృతజ్ఞత చెప్పుకోవడానికి నా బుద్ధి అంగీకరించదు, చెప్పుకోకుండా ఉండడానికి మనసు ఒప్పుకోదు. మాస్టారి సిద్ధాంతంలో దీనికి చోటుందని కొందరు అంటారు. ఆయన అనలేదు కనుక నేనూ అనను.

ఈ వేసవిలో మండపేట వెళ్ళాను. వాళ్ళు కొత్తగా మేడ వేశారు. అక్క అప్పడాల పిండి గిన్నె చంకన పెట్టుకుని, మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కేసి, పిట్టగోడ మీంచి కిందికి వంగి చూసింది.

"ఏంటే, అక్కడే నిలబడిపోయావు? రా!"